రెండు గ్రూపుల థీసిస్

ఇంగ్లీషు మాట తప్పు పలికి నవ్వులపాలైనోళ్లను మీరు శానామందినే చూసుంటారు. నేనైతే ఒగ ఇంగ్లీషు మాటను అక్షరం పోకుండా సరిగ్గా పలికి, మా మేనమామను ఊర్లోనుంచి ఎల్లగొట్టించబోయినా! నవ్వద్దండి. ఆ టీ తాగుతా వినండి, చెప్తా.

మీరంతా పిల్లోళ్ల ప్రాజెక్టులు దిద్దలేక తలలు పట్టుకోని కూర్చున్నారు గదా. ఒగడు పక్కోడిది కాపీ కొట్టినాడు, ఒగడు పేజీలు తిరగేసి కుట్టించినాడు అని తిడతాండారు. నాకు మాత్రం వాళ్ల మీద కోపం రాదప్పా. బీయేలో నేను రాసిన థీసిస్ ముందర ఇవన్నీ మంచి ముత్యాలు.

మా ఇల్లు జమ్మలమడుగు. కాలేజీ ప్రొద్దుటూరు. ఫైనలియరు, ఇంగ్లీష్ స్పెషల్. ఆ ఏడే కొత్తగా మాకు డిసర్టేషన్ అని ఒగటి పెట్టినారు. ఆ మాట నోరు తిరగక మేమంతా థీసిస్ అంటాంటిమి. క్లాసులో అందరూ తెలివిగలోళ్లు. లైబ్రరీలో తలా ఒగ పాత నవల దొరకబుచ్చుకోని, పక్కన గైడు పెట్టుకోని, ప్రకృతి వర్ణన అనీ స్త్రీ పాత్రలు అనీ రాయను మొదలుపెట్టినారు. నేను పోయేసరికి బీరువాలో సన్న పుస్తకాలన్నీ అయిపోయినాయి. మిగిలినవి దిండంత లావు. వాటిని చూస్తానే జరమొచ్చినట్లయింది.

మా గైడు సారు కోస్తావైపు నుంచి వచ్చినాయన. శానా మెత్తని మనిషి. మేము మామూలుగా మాట్లాడుకుంటాన్నా ఆయనకు కొట్లాట మాదిరే వినపడేది. ఒగసారి వరండాలో "ఏందిమే, యాడికి పోతాండావు?" అని నేను నా స్నేహితురాలిని పలకరిస్తే, సారు చాక్‌పీసు కింద పడేసి బయటికి పరిగెత్తుకోనొచ్చి, "ఏమైందమ్మా, ఎందుకలా గొడవపడుతున్నారు?" అన్నాడు.

ఆ సారే నాకు సబ్జెక్టు చెప్పినాడు. "నవలలెందుకమ్మా సుజాతా? మీ పల్లెల్లో చదువు రానివాళ్లు కూడా రోజూ బోలెడన్ని ఇంగ్లీషు మాటలు వాడతారు కదా. వాటి మీద రాయి. ఇంతవరకూ మన కాలేజీలో ఎవరూ రాయలేదు."

నాకు ప్రాణం లేచొచ్చింది. చదవాల్సిన పుస్తకమే లేదు! ఊరికే పోయి జనం మాటలు విని రాసుకోవడమే!

సారు జాగ్రత్తలు చెప్పినాడు. "నీకు మాటలు చెప్పేవాళ్లను ఇన్ఫార్మెంట్ అంటారమ్మా. ఇన్ఫార్మర్ కాదు, ఇన్ఫార్మెంట్. చివర టీ స్పష్టంగా పలకాలి. ఏదీ, అను." అన్నా. మళ్లీ అనిపించినాడు. నా నోట్లో ఆ టీ గట్టిగా పలికిందాకా వదల్లే. "ఇంకో ముఖ్యమైన సంగతి. ఒక్క గ్రూపు నుంచే తీసుకుంటే పనికిరాదు. రెండు గ్రూపుల నుంచీ సమానంగా ఇన్ఫార్మెంట్లు ఉండాలి."

సారు చెప్పిన రెండు గ్రూపులంటే చదువుకున్నోళ్లు, చదువుకోనోళ్లు. పాపం, ఆయన ఊరివైపు గ్రూపంటే అంతే అర్థం.

మా మేనమామ నాగన్నది పులివెందుల పక్క పల్లె. వేంపల్లెలో దిగి షేరాటో ఎక్కల్ల. మామకు గొర్రెల మంద ఉంది, కొంచెం చేను గూడా ఉంది. రాత్రుళ్లు మందను రైతుల చేన్లలో కడతాడు. ఎరువు కావాల్సినోళ్లు పిలిపించుకుంటారు. ఆ ఊర్లో పైవీధిదొగ పార్టీ, కిందివీధిదొగ పార్టీ. ఆ ఏండ్లు ఎట్లాంటివో మీకు తెలీనిది కాదు. పెండ్లికి పోవల్లన్నా ఆ పెండ్లికి ఎవరెవరొస్తాండారో కనుక్కోని పోయే కాలం. పెద్దాయన అంటే చాలు, ఏ వీధి పెద్దాయనో మాట తీరును బట్టి అర్థం చేసుకోవల్ల. పేర్లు నేనిప్పుడు గూడా చెప్పను. మా మామ కొడుకులు ఈపొద్దుకీ ఆ చేన్లలోనే మంద కడతాండారు.

ఆ ఊరంతట్లో రెండు వీధుల్లోనూ టీ తాగగలిగిన మనిషి మా మామ ఒగడే. గొర్రెలకు పార్టీ ఏముంది? పైవీధి చేన్లో ఈపొద్దు, కిందివీధి చేన్లో రేపు. మామ గూడా అంతే. ఆడ విన్నది ఈడ చెప్పడు, ఈడ విన్నది ఆడ చెప్పడు. ఆ ఒక్క నమ్మకం మీద ఆయన సంసారం నడుస్తాండాది. అట్లాంటి మనిషి ఇంటికి నేను పోతి, సంకన కాలేజీ టేప్‌రికార్డరు పెట్టుకోని!

పోయేటప్పుడే కొంప మునగను మొదలుపెట్టింది. వేంపల్లె బస్టాండులో పోలీసులు సంచులు చెక్ చేస్తాండారు. నా సంచిలో టేప్‌రికార్డరు చూసి ఒగ కానిస్టేబుల్ ఆపినాడు. తల పైకెత్తి చూస్తే నా క్లాస్‌మేట్ నాయన! "ఏం పాపా, నువ్వా!" అని నవ్వి, టేప్‌రికార్డరు బరువుందని ఆయనే మోసుకొచ్చి ఆటోలో పెట్టినాడు. "పని అయినాక వచ్చి కనపడు పాపా, మా ఇంట్లో అన్నం తినిపో" అన్నాడు. నేను అట్లేలేప్పా అంటి. ఆటోలో కూర్చున్నోళ్లంతా మా మామ ఊరోళ్లే. ఊరొచ్చిందాకా ఒగరూ నోరు తెరవలే. పల్లెటూరోళ్లు ఎంత మర్యాదస్తులో అనుకున్నా నేను.

మా అత్త ఎల్లమ్మ పెట్టిన అన్నం తిని, నేరుగా టీ అంగడి కాడికి పోయినా. టీ అంగడి రెండు వీధులూ కలిసే చోట ఉంది. పైవీధోళ్లు ఎడమ పక్క బెంచీ, కిందివీధోళ్లు కుడిపక్క బెంచీ. నాకేం తెలుసు? నేను సక్కగా నడిమధ్యన రాయి మీద కూర్చొని, టేప్‌రికార్డరు ఒళ్లో పెట్టుకుంటి. చెవులు రిక్కించి వింటాంటే పండగే! సరెండరంట, కండిషన్ బెయిలంట, కౌంటర్ కేసంట, ఏజెంటంట, రీపోలింగంట! "మావోడు బూతులో కూర్చున్యాడు" అని ఒగాయన అంటే, పోలింగ్ బూతు అని అర్థమయ్యేసరికి నాకు కొంచెం టైము పట్టింది.

మీసాల పెద్దమనిషి ఒగాయన పలకరించినాడు. "నువ్వు నాగన్న కోడలివి గదా పాపా? ఏం పని మీదొస్తివి?"

నాకు సారు మాటలు గుర్తుకొచ్చినాయి. అసలైన పేరు వాడల్ల, స్పష్టంగా పలకల్ల. గొంతు సవరించుకోని అంటిని: "నాకు ఈ ఊర్లో ఇన్ఫార్మెంట్లు కావల్ల పెద్దప్పా. మీరు గూడా ఉండచ్చు."

ఆయన చేతిలో టీ గ్లాసు గాల్లోనే ఆగిపాయ. "ఏం కావల్ల?"

"ఇన్ఫార్మెంట్లు. రెండు గ్రూపుల్లోనూ కావల్ల. సమానంగా."

ఎడమ బెంచీలో మాటలు ఆగినాయి. కుడి బెంచీలో గూడా. టీ కాసేటాయన స్టవ్వు మంట తగ్గించినాడు. అందరూ శ్రద్ధగా వింటాండారని నాకు ఉషారొచ్చి ఇంకా ఇడమరిచి చెప్తిని. "మీరేమీ కొత్తగా చెప్పనక్కర్లే. మీలో మీరు ఎట్ల మాట్లాడుకుంటారో అట్లనే మాట్లాడండి. నేను టేపులో పట్టుకోని పోయి మా సారుకిస్తా."

"ఏ సారు?"

"ప్రొద్దుటూరులో ఉండే సారు. కొత్తగా బదిలీ మీదొచ్చినాడు. కోస్తా పక్కోడు, మన పక్కన ఎవరికీ తెలీదు. మాటల కాడ మాత్రం శానా స్ట్రిక్టు."

ఇంగ చూడండి. మీసాలాయన గ్లాసు కింద పెట్టి, "చేన్లో నీళ్లు కట్టొచ్చినా, చూసుకోవల్ల" అని లేచిపాయ. ఇంగొకాయన ఎనుము ఈనతాండాదన్నాడు. ఎడమ బెంచీ ఖాళీ. కుడి బెంచీ ఖాళీ. ఆఖరుకు టీ అంగడాయన గూడా లోపలికి పోయి తలుపు దగ్గరగా వేసుకున్నాడు. రాయి మీద నేనూ, నా ఒళ్లో టేప్‌రికార్డరూ, ఇద్దరమే మిగిల్నాము. పల్లెల్లో మధ్యాన్నం పూట అందరికీ ఇంత పనుంటాదా అనుకుంటా ఇంటికొచ్చినా.

మర్నాడు పొద్దున నేను పండ్లు తోముకుంటాంటే పైవీధి జీతగాడొచ్చినాడు. "నాగన్నా, ఈపొద్దు మా చేనికి మంద వద్దంట" అని చెప్పి పోయినాడు. వాడు మలుపు తిరిగినాడో లేదో కిందివీధి నుంచి ఇంగొకడు. "నాగన్నా, రేపు మా చేనికీ వద్దంట."

మామ అరుగు మీద అట్లనే కూలబడినాడు. ఆ రెండు వీధులూ ఒగే మాట మీద నిలబడింది ఊరు పుట్టినాక ఇదే మొదలంట. అత్త బావి కాడికి పోయి విషయం తెలుసుకోనొచ్చింది. "నాగన్న కోడలు పోలీసోళ్ల ఇన్ఫార్మరంట. వేంపల్లెలో పోలీసాయనే టేపు మోసుకొచ్చి ఆటోలో పెట్టినాడంట. ప్రొద్దుటూరులో కొత్త సారుకు అన్నీ చేరేస్తాదంట. రెండు గ్రూపుల్లోనూ మనుషులను పెట్టుకుంటాండాదంట. అని ఊరంతా అంటాండారు" అని చెప్పి నాపక్క చూసింది.

మామ నన్ను పిలిచి శానా నెమ్మదిగా అడిగినాడు. "ఏమన్నావు పాపా నువ్వు ఆడ?"

"ఇన్ఫార్మెంట్ అన్నా మామా. వాళ్లు ఇన్ఫార్మర్ అనుకున్నారు. రెండూ వేరే వేరే!"

"ఏంది తేడా?"

"చివర టీ ఉంటాది మామా."

మామ కాసేపు మందపక్క చూసినాడు. గొర్రెలన్నీ దొడ్లో అరస్తాండాయి. "ఆ టీ కోసరం ఇప్పుడు ఇవి యాడ పండుకోవల్ల?"

నాకు ఏడుపొచ్చింది. నిజంగానే వచ్చింది. మామ నన్ను ఒగ మాట అనలే, అదే ఇంకా బాధయింది. "పద మామా, నేనే పోయి పెద్దాయనకు చెప్తా. డిక్షనరీ ఉంది నా కాడ" అంటి. మామకు ఇష్టం లే. అయినా ఇంగ వేరే దావ యాడుంది? తువ్వాల భుజం మీద నుంచి తీసి చేతిలో పట్టుకోని, నన్ను ఎంటబెట్టుకోని పైవీధికి పోయినాడు.

పైవీధి పెద్దాయన వసారాలో మంచం మీద కూర్చోనుండాడు. చుట్టూ మనుషులు. పెద్దాయన పక్కన డిగ్రీ చదివిన అల్లుడు కూర్చోనుండాడు. నేను డిక్షనరీ తీసి, ఆ అల్లుని చేతిలోనే పెట్టినా. "మీరే చదవండన్నా. మీరు చదివితే పెద్దాయన నమ్ముతాడు" అన్నా. ఎంత తెలివి చూడండి నాది!

ఆయన పేజీలు తిప్పినాడు. వేలు పెట్టి ఆపినాడు. కళ్లద్దాలు సర్దుకున్నాడు. నన్నొగసారి, పెద్దాయనను ఒగసారి చూసి గట్టిగా చెప్పినాడు. "మామా, ఈడ మొదటి అర్థమే ఇన్ఫార్మర్ అని ఉంది. పోలీసులకు సమాచారం ఇచ్చేటోడంట."

నేను డిక్షనరీ మీదికి వంగినా. "రెండో అర్థం చదవన్నా, రెండోది! దాని కిందే ఉంటాది!"

"రెండోదాని దాకా ఎందుకు పాపా?" అన్నాడు పెద్దాయన. "మొదటిదే సరిపోయింది గదా."

మామ తువ్వాలను తాడు మాదిరి మెలిపెడతాండాడు. ఇంగ నాకు మిగిలింది టేపొగటే. నిన్న టీ అంగడి కాడ మాట్లాడిందంతా దాంట్లో ఉంటాది. అది వింటే నేనడిగింది ఉత్త మాటల కోసరమని తెలిసిపోతాది గదా! "పెద్దాయనా, మీరే వినండి" అని టేపు ఎనక్కు తిప్పి, సౌండు పెద్దది చేసి, మీట నొక్కినా.

ఆ టేప్‌రికార్డరులో మాటలు పట్టల్లంటే ఎర్రమీటా నల్లమీటా రెండూ కలిపి నొక్కల్లంట. నేను ముందురోజు ఒక్క నల్లదే నొక్కినా. గుయ్యిమంటాదేమో అని సౌండు పూర్తిగా తగ్గించి పెట్టినా. చక్రాలు తిరుగుతాండాయి గదా, ఎక్కుతాండాదిలే అనుకున్నా. అంటే నేను ఊరి మాటలేవీ పట్టలే. అంతసేపూ క్యాసెట్‌లో ముందునుంచీ ఉన్నదే మూగగా తిరిగింది. ఆ ఉన్నదేమో, మా డిపార్ట్‌మెంటులో పిల్లోళ్లకు ఉచ్చారణ నేర్పే ఇంగ్లీషు పాఠం!

పెద్దాయన వసారాలో దొరసాని గొంతు ఖంగుమంది. తీరిగ్గా, ఒక్కో మాటా విడదీసి చెప్తాండాది. స్టేషనుకు దావ ఎట్లని ఒగరు అడగడం, స్టేషను దగ్గర్లోనే ఉందని ఇంగొకరు చెప్పడం. మిస్టర్ జాన్ స్టేషనులో ఎదురుచూస్తాండాడంట. అది రైల్వే స్టేషను! కానీ మన పక్కన ఉత్తగా స్టేషనంటే ఏ స్టేషను చెప్పండి? మాట మాటకూ స్టేషను, స్టేషను, మిస్టర్ జాన్, మళ్లీ స్టేషను.

నేను మీట ఆపుదామని నొక్కితే అది ఇరుక్కోనిపాయ. వేలితో పీకతాండా, రాదు! మనుషులంతా లేచి నిలబడినారు.

పెద్దాయన చేయెత్తి వాళ్లను కూర్చోమని, నన్ను సూటిగా అడిగినాడు. "ఈ జాన్ ఎవరు? కొత్తగా వచ్చిన ఎస్సైనా?"

ఇంగ నావల్ల కాలే. టేప్‌రికార్డరు వాటేసుకోని భోరున ఏడ్చేసినా. "పెద్దాయనా, ఇది పాఠం! ఎర్రమీట నొక్కడం మర్చిపోయినా! మీ ఊరి మాట ఒగటి గూడా ఎక్కలే! నా థీసిస్ అంతా పాయ! సారు నన్ను ఫెయిల్ చేస్తాడు!"

వసారాలో నా ఏడుపు, దొరసాని స్టేషను, రెండే వినపడతాండాయి. అప్పుడు మా మామ నోరు తెరిచినాడు. జీవితంలో ఏ పక్కా మాట్లాడని మనిషి, చేతులు జోడించి ఒగటే మాటన్నాడు. "పెద్దాయనా, మీట నొక్కడం గూడా రాని పిల్ల. ఇదేం ఇన్ఫార్మరు?"

పెద్దాయన భుజాలు కదిలినాయి. మీసం కదిలింది. పడీపడీ నవ్వినాడు! "నిజమే లేరా నాగన్నా. పోలీసోళ్లు ఇంత తెలివితక్కువదాన్ని పెట్టుకోరు!" వసారా అంతా నవ్వు. అల్లుడు గూడా కళ్లద్దాలు తీసి తుడుచుకుంటాండాడు. నా పరువు పోతేపోయింది, గొర్రెలకు మళ్లీ చేను దొరికింది. మజ్జిగ తెప్పించి తాగమన్నారు. దొరసానిని బ్యాటరీలు పీకేసి ఆపినాము.

ఈడితో అయిపోయింటే ఎంత బాగుండు!

పెద్దాయనకు ముచ్చటేసింది. "నీకేం, ఇంగ్లీషు మాటలే గదా కావాల్సింది? మా వీధిలో మాట్లాడినన్ని కిందివీధిలో మాట్లాడరు పాపా. రాసుకో" అని అందరినీ కూర్చోబెట్టి చెప్పించినాడు. నేను పొద్దు గుంకేదాకా రాసుకున్నా. లేచేటప్పుడు అడిగినాడు. "పుస్తకమైనాక మాకొగటి పంపల్ల. దాంట్లో ముందర మా వీధిదే గదా?" నేను సంతోషంలో ఊ అంటి.

ఆ సంగతి కిందివీధికి తెలవకుండా ఉంటాదా? మర్నాడే పిలుపు. కిందివీధి పెద్దాయన సన్నగా పొడుగ్గా ఉంటాడు, నవ్వడు. "వాళ్లవి ఎన్ని మాటలు రాసుకుంటివి?" అన్నాడు. చెప్పినా. "మావి దానికన్నా ఒగటి ఎక్కువుండల్ల" అన్నాడు.

ఇంగ చూడండి నా అవస్థ! నిజంగా వాడే మాటలు రెండు వీధుల్లోనూ ఒగటే. బెయిలు ఆడా బెయిలే, ఈడా బెయిలే. ఎక్కువ కావల్లంటే యాడినుంచి తెస్తారు? కిందివీధోళ్లు ఇస్కూలు అయివారిని పట్టుకోని మాటలు రాయించుకోనొచ్చినారు. హెలికాప్టరంట. థర్మామీటరంట. ఒగాయన ఆయాసపడుకుంటా వచ్చి "హిప్పోపొటామస్" అన్నాడు.

"అన్నా, ఈ మాట మీరు రోజూ వాడతారా?"

"ఎందుకు వాడం? మా పెద్దాయన పొద్దున లేస్తే ఈ మాట అనకుండా పండ్ల పుల్ల నోట్లో పెట్టుకోడు! రాసుకోమే!"

ఆయన ఎనకాల నిలబడినోళ్లను చూసి, రాసుకున్నా.

నేను పోయేటప్పుడు ఈ పెద్దాయన గూడా అదే అడిగినాడు. "పుస్తకంలో మాది ముందు గదా?" నేను మళ్లీ ఊ అంటి. దావలో మామ ఆగి నాపక్క తిరిగినాడు. "పాపా, ఇద్దరికీ ఊ అంటివి. ఒగ పుస్తకానికి ఎన్ని ముందర్లుంటాయి?"

"నేను చూసుకుంటాలే మామా" అన్నా.

ప్రొద్దుటూరులో టైపు కొట్టించి, కార్బన్ కాపీలు తీయించినా. బైండింగాయనకు జాగ్రత్తగా చెప్పినా. అన్నిట్లో పైవీధి అధ్యాయం ముందు, కిందివీధి ఎనక. ఒగదాంట్లో మాత్రం కిందివీధి ముందు, పైవీధి ఎనక. పేజీ నంబర్లు నేనే చేత్తో వేసినా, దేనికది సరిపోయేటట్లు. అన్నిటికీ ఒగే రకం పచ్చ అట్ట. ఎంత తెలివిగా చేసినాననుకున్నారు! ఊరికి పోవాల్సిన రెండూ మామకిచ్చి పంపినా. మిగిలినవి కాలేజీలో ఇచ్చినా.

వైవా రోజు. బయట యూనివర్సిటీ నుంచి ఎగ్జామినర్ మేడమ్ వచ్చింది. ఆమె ముందర ఒగ కాపీ, మా సారు ముందర ఒగ కాపీ. సారు మెడ నిక్కించుకోని కూర్చున్నాడు. ఆయన స్టూడెంటు కొత్త సబ్జెక్టు రాసింది గదా!

"ఇరవయ్యో పేజీలో సరెండర్ గురించి చాలా బాగా రాశావమ్మా. సార్, మీరూ చూడండి" అనింది మేడమ్.

సారు ఇరవయ్యో పేజీ తీసినాడు. చూసినాడు. మళ్లీ చూసినాడు. "మేడమ్, నా దాంట్లో హిప్పోపొటామస్ ఉందండీ."

ఇద్దరూ పుస్తకాలు పక్కపక్కన పెట్టుకోని తిరగేస్తాండారు. నాకు మార్కులు గుర్తుకు రాలే. సారు చేతిలో ఉండేది కిందివీధి ముందున్న కాపీ. అట్లయితే కిందివీధి పెద్దాయనకు పోయింది ఏది? పైవీధి ముందున్నది! దాన్ని చేతికిచ్చింది ఎవరు? మా మామ!

"ఒకే థీసిస్ రెండు రకాలుగా ఎందుకుందమ్మా?" మేడమ్ అడిగింది. నేను ఉన్నదున్నట్లు చెప్పేసినా. పైవీధి, కిందివీధి, ఎవరు ముందో, అన్నీ. మేడమ్ పెన్ను మూత పెట్టి, "అయితే థీసిస్‌లో కూడా గ్రూపులు పెట్టావన్నమాట!" అనింది. సారు రెండు చేతుల్లో తల పెట్టుకున్నాడు. "మేడమ్, నేను పోవచ్చా? పులివెందుల బస్సుంది" అన్నా. ఆమె ఊ అనిందో లేదో గూడా నాకు తెలీదు.

ఊర్లో దిగి నేరుగా కిందివీధికి పరిగెత్తినా. కిందివీధి పెద్దాయన అరుగు మీద ఉండాడు. పచ్చ అట్ట పుస్తకం ఒళ్లో ఉంది. ఆయన లాయరు గుమాస్తా పక్కన కూర్చోని చదివి చెప్తాండాడు. మెట్టు మీద మా మామ, చేతిలో మెలిపెట్టిన తువ్వాల.

"రా పాపా" అన్నాడు పెద్దాయన. "వాళ్లను ముందర పెట్టినావంట."

నేను మామ పక్క చూసినా.

"మమ్మల్ని ఆఖర్న పెట్టినావంట."

"పెద్దాయనా, అది బైండింగులో..."

"ఎవరు నేర్పినారు నీకీ తెలివి?" అన్నాడు. అప్పుడు చూసినా నేను, ఆ మనిషి నవ్వడం! "ముందర ఎవడైనా మాట్లాడతాడు. ఆఖరు మాట మాదే గదా! నాగన్నా, నీ కోడలు గట్టిది. ఈ నెలంతా మంద మా చేనికే తోలు."

మామ తువ్వాల భుజం మీద వేసుకున్నాడు. నేను గూడా మెట్టు మీద మామ పక్కన కూర్చున్నా. తమది ముందుందని పైవీధోళ్లకు సంతోషం. తమది ఆఖర్నుందని కిందివీధోళ్లకు సంతోషం. మా మామకు చేతినిండా పని. గొర్రెలు దిట్టంగా ఉండాయి. రెండు రకాలుగా కట్టించాల్సిన పనే లేదు.

ఫలితాలొచ్చినాక చూసుకుంటే థీసిస్‌లో బొటాబొటీగా పాసు మార్కులు. కడప జిల్లాలో రెండు పార్టీలూ కలిసి మెచ్చుకున్న ఒక్కగానొక్క ఇంగ్లీషు పుస్తకం రాసినానప్పా నేను. నచ్చనిది ఇంగ్లీష్ డిపార్ట్‌మెంటుకొక్కటే!